తవూల్: కొండ మీది గుళ్ళు, కొండ దిగిన బొమ్మలు

శుక్రవారం

బార్సిలోనా నుంచి పిరెనీస్ పర్వతాల్లోని బొయీ లోయకు కారులో సుమారు నాలుగు గంటల దారి. మా మేనల్లుడు బార్సిలోనాలోనే ఉద్యోగం చేస్తున్నాడు. గుంటూరు నుంచి నేను వచ్చినప్పటినుంచీ గౌడీ కట్టిన చర్చి, బీచి, ఫుట్‌బాల్ స్టేడియం అన్నీ తిప్పాడు. "ఇంకేం చూస్తారు మావయ్యా?" అని అడిగితే తవూల్ అన్నాను. వాడు ఆ పేరే వినలేదు. ఎప్పుడో ఒక పత్రికలో చూసిన ఏసు బొమ్మ నా బుర్రలో ఉండిపోయింది. కోల ముఖం, గుండ్రటి పెద్ద కళ్ళు, వెనకాల నీలం. ఆ బొమ్మది ఈ ఊరే.

వాడు వెంటనే ఫోన్లో వెతికి, "ఆ బొమ్మ ఊళ్ళో లేదు, ఇక్కడే మ్యూజియంలో ఉంది. మెట్రోలో పది నిమిషాలు. దానికోసం కొండెక్కడం ఎందుకు?" అన్నాడు.

"ముందు ఇల్లు చూసొద్దాం, తర్వాత మనిషిని చూద్దాం" అన్నాను.

లెయిదా దాటేవరకూ మైదానమే, పండ్ల తోటలే. తర్వాత రోడ్డు నది పక్కకు చేరుతుంది. ఒక వైపు కొండ, ఇంకో వైపు డ్యాము నీళ్ళు, మధ్యలో సొరంగాలు. ఎల్ పోన్ దె సూయెర్త్ అనే చిన్న టౌను దాటాక పెద్ద రోడ్డు వదిలేసి లోయలోకి తిరగాలి. అక్కడినుంచి గంట గోపురాలు ఒక్కొక్కటే కనపడతాయి. ముందు బర్రుయేరా ఊరిది, తర్వాత దూరంగా ఎరిల్‌ది, ఆ తర్వాత బొయీది. బొయీ నుంచి మెలికలు తిరుగుతూ పైకెళ్తే, దాదాపు 1500 మీటర్ల ఎత్తున తవూల్. జనం మూడొందలకు అటూ ఇటూ. రాతి గోడలు, నల్ల పలకరాయి కప్పులు, చెక్క వసారాలు. శీతాకాలం స్కీయింగ్‌కి వచ్చేవాళ్ళ కోసం కట్టిన కొత్త ఇళ్ళు కూడా అదే రాయి, అదే కప్పు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఈ చిన్న లోయలో తొమ్మిది చర్చిలను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. అన్నీ రోమనెస్క్ పద్ధతివి, అంటే గోథిక్ కంటే ముందుతరం కట్టడాలు. తొమ్మిదింటిలో రెండు తవూల్‌లోనే ఉన్నాయి. యూరప్‌లో ఇంత పాతవి చాలాచోట్ల ఉండేవి. డబ్బున్న ఊళ్ళు తర్వాతి తరాల్లో వాటిని పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టుకున్నాయి. ఈ లోయకు మళ్ళీ అంత డబ్బు రాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా ఇక్కడికి రావాలంటే కంచర గాడిదలే దిక్కు. పేదరికం, దారి లేకపోవడం, ఈ రెండే వీటిని కాపాడాయి.

రాత్రి హోటల్లో జిరెల్లా పెట్టారు. గొర్రె పొట్టలో ఆ గొర్రె లోపలి సరుకే బియ్యంతో, వెల్లుల్లితో కలిపి కూరి, కుట్టి ఉడకబెట్టి, ముక్కలు కోసి వేయిస్తారు. మన బోటి కూరలో కారం మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. మేనల్లుడు ముట్టలేదు. రెండు ప్లేట్లూ నేనే ఖాళీ చేశాను.

శనివారం

సాంట్ క్లిమెంట్ చర్చి ఊరి దిగువ అంచున, ఇళ్ళకు కాస్త ఎడంగా గడ్డిలో నిలబడి ఉంటుంది. చర్చి కంటే ముందు దాని గంట గోపురం కంటికి ఆనుతుంది. ఆరు అంతస్తులు, నలుచదరం. కింద గోడలు దాదాపు మూసేసినట్టుంటాయి. పైకి వెళ్ళేకొద్దీ కిటికీలు వెడల్పవుతాయి, వాటి మధ్య సన్నటి రాతి స్తంభాలు. ప్రతి అంతస్తు అంచునా చిన్న చిన్న కమానుల వరస. శిల్పం ఏమీ లేదు. చేతిలో పట్టేంత రాళ్ళను ఇటుకల్లా చెక్కి వరసగా పేర్చారు. ఉత్తర ఇటలీ లొంబార్డీ నుంచి వచ్చిన మేస్త్రీల పనితనం అది. ఆ పద్ధతి పర్వతాల వెంట ఇక్కడిదాకా పాకింది.

లోపల చీకటి. రెండు వరసల లావుపాటి గుండ్రటి స్తంభాలు, పైన చెక్క దూలాల కప్పు, తూర్పున మూడు అర్ధచంద్రాకారపు గర్భగుడులు. నడిమి గర్భగుడి గోడ తెల్లగా, మరకలు మరకలుగా ఉంది. జనం బల్లల మీద కూర్చుని ఆ ఖాళీ గోడనే చూస్తున్నారు. ఇంతలో దీపాలు ఆర్పారు.

గోడ మీద ముందు గీతలు వెలిగాయి. ఎర్ర గీత, నల్ల గీత. తర్వాత రంగులు ఒక్కొక్కటే నిండాయి. పైన, బాదంపప్పు ఆకారపు చట్రంలో ఏసు కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఎత్తి ఉంది, ఎడమ చేతిలో తెరిచిన పుస్తకం. అందులో లాటిన్‌లో ఉన్న మాట బైబిల్ చదివినవాళ్ళకు తెలిసిందే: "నేను లోకమునకు వెలుగును." రెండు వైపులా దేవదూతలు, రెక్కల నిండా కళ్ళు. కింద వరసలో మరియమ్మ, అపొస్తలులు. మరియమ్మ కొంగుతో కప్పిన చేతిలో ఒక పాత్ర, అందులోంచి ఎర్రటి కిరణాలు. పది నిమిషాల్లో 1123 నాటి గుడి మొత్తం కళ్ళముందుకొచ్చి, మళ్ళీ తెల్లగోడ అయిపోయింది.

ఆ సంవత్సరం అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, స్తంభం మీదే రాసి పెట్టారు. 1123 డిసెంబరు 10న రోదా బిషప్ రామోన్ వచ్చి ఈ గుడిని ప్రతిష్ఠించాడు. మర్నాడు, 11న, ఇదే ఊళ్ళో సాంటా మరియాను కూడా ప్రతిష్ఠించాడు. డిసెంబరులో, ఇంత ఎత్తున, ఇంత చిన్న ఊళ్ళో, రోజు తేడాతో రెండు గుళ్ళు! డబ్బు ఎక్కడిదంటే ఎరిల్ ప్రభువుల పేరు చెబుతారు. అరగాన్ రాజులు దక్షిణాన ముస్లిం రాజ్యాల మీద చేసిన యుద్ధాలకు ఈ లోయ దొరలు కూడా వెళ్ళారు. అక్కడ సంపాదించిన సొమ్ము ఇక్కడ రాయి అయింది, రంగు అయింది.

బొమ్మలు కొండ దిగిన కథ వేరు. 1907లో వాస్తుశిల్పి పుచ్ ఇ కాదఫాల్క్ నాయకత్వంలో బార్సిలోనా నుంచి ఒక పండితుల బృందం గాడిదల మీద ఈ లోయకొచ్చింది. వాళ్ళ రాతలతో ఈ గుళ్ళ సంగతి బయటికి తెలిసింది. తెలిసిందంటే పండితులతోనే ఆగదు కదా, వ్యాపారులకూ తెలుస్తుంది. 1919 నాటికి పక్క ప్రాంతంలోని మూర్ అనే చోట గర్భగుడి చిత్రాలను ఏకంగా గోడనుంచి ఒలిచి అమ్మేశారు. అవి అమెరికా చేరాయి, ఇప్పటికీ బోస్టన్ మ్యూజియంలోనే ఉన్నాయి. అప్పుడు మేలుకున్న బార్సిలోనా మ్యూజియాల బోర్డు, మిగిలినవాటిని కొని తామే ఒలిపించి తీసుకుపోవాలని నిర్ణయించింది. దాని కోసం ఇటలీ నుంచి, ఆ పనిలో ఆరితేరిన ఫ్రాంకో స్టెఫనోనిని, అతని మనుషులను పిలిపించారు. 1919 నుంచి 1923 దాకా ఆ పని నడిచింది.

ఒలవడం ఎలాగంటే, జంతువుల ఎముకలూ తోలుతో కాచిన జిగురును వేడిగా బొమ్మ మీద పూస్తారు. దాని మీద గుడ్డ అంటిస్తారు, మళ్ళీ జిగురు, మళ్ళీ గుడ్డ. ఆరేకొద్దీ జిగురు బిగుసుకుంటుంది. బిగిసేటప్పుడు రంగు పొరను సున్నం నుంచి లాగేస్తుంది. అంచు దగ్గర కత్తితో కదిలించి మెల్లగా ఒలిస్తే, బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది, వెనకవైపు మనకు కనపడేలా. దాన్ని చాపలా చుట్టి, గాడిదల మీద కొండ దింపి, బార్సిలోనాలో వెనకవైపు కొత్త కాన్వాసు అంటించి, ముందున్న జిగురును వేడినీళ్ళతో కడిగేస్తే మళ్ళీ బొమ్మ. చదవడానికి తేలిగ్గానే ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ రంగు మీద మొదటి చెయ్యి వేసినవాడి గుండె ఎంత గట్టిదో!

ఎంత ఒలిచినా కొంత రంగు గోడలోనే ఉండిపోయింది. ఆ మరకలు అవే. ఒకచోట కయీను హేబెలును చంపుతున్న బొమ్మ ఒకటి అసలు రంగులతో గోడ మీదే ఉంది. ఊళ్ళోవాళ్ళకు మిగిలిన అసలు సరుకులో ఆ ముక్క ఒకటి. అది హత్య బొమ్మ కావడం చూస్తే నవ్వొచ్చింది.

1960 ప్రాంతం నుంచి 2013 దాకా ఈ గర్భగుడిలో నకలు బొమ్మ ఉండేదట. దాన్ని తీసేసి ఈ వెలుతురు బొమ్మ పెట్టారు. మా వాడికి ఇది నచ్చలేదు. "నకలైనా సరే, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడొచ్చు కదా. ఇది సినిమాలాగా అయిపోతే లేచి రావాలి" అన్నాడు. నాకు మాత్రం ఇదే సరైన పని అనిపించింది. నకలు గోడను కప్పేసి, ఏమీ పోలేదన్నట్టు నిలబడుతుంది. ఈ వెలుతురు ఆరిపోగానే పోయింది పోయినట్టే కనపడుతుంది.

అమరావతికి పాతిక మైళ్ళ దూరంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ మాట నాకు తేలిగ్గా తోస్తుంది. మన స్తూపం రాళ్ళను ముందు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో ఇళ్ళకు, గుళ్ళకు వాడుకున్నారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్ ఓడెక్కాయి. ఇప్పుడు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మోర్‌లో. అమరావతిలో ఉన్నది ప్రధానంగా దిబ్బ. ఇక్కడి బొమ్మలు కనీసం నాలుగు గంటల దూరంలోనే, వీళ్ళ భాష మాట్లాడేవాళ్ళ మధ్యే ఉన్నాయి. బోస్టన్ పోయిన మూర్ బొమ్మలకు ఆ భాగ్యం లేదు. అందుకే 1919లో వాళ్ళు చేసింది దొంగతనమని నేననను.

గోపురం పైకి చెక్క మెట్లున్నాయి. పై అంతస్తు నుంచి చూస్తే ఇళ్ళ కప్పుల మధ్యలో సాంటా మరియా గోపురం కనపడుతుంది. మధ్యాహ్నం అక్కడికెళ్ళాం. అది ఊరి నడిబొడ్డున ఉన్న మామూలు గుడి, ఇప్పటికీ పూజలు జరిగేదే. సాంట్ క్లిమెంట్‌లా టికెట్ పెట్టి చూపించే హంగు లేదు. గర్భగుడిలో నకలు చిత్రం: సింహాసనం మీద మరియమ్మ, ఒళ్ళో బాలఏసు, ఇరువైపులా కానుకలు పట్టుకున్న ముగ్గురు రాజులు. ఒక ముసలామె పూలకుండీలో నీళ్ళు మారుస్తూ, మమ్మల్ని చూసి "బోన్ దియా" అని తన పనిలో పడింది. ఫిరంగిపురం గుళ్ళో పొద్దున్నే కనపడే అవ్వలు గుర్తొచ్చారు.

ఊళ్ళో మూడో గుడి కూడా ఉండేది, సాంట్ మార్తీ. దానిలో మిగిలింది గర్భగుడి గుండ్రటి గోడ ఒక్కటే. దానికి బోర్డు తప్ప ఇంకేం లేదు, ఆగేవాళ్ళూ లేరు.

ఆదివారం

పొద్దున్నే పాత కాలిబాటలో బొయీకి దిగాం. అరగంట నడక. రెండు పక్కలా రాతి కట్టలు, పచ్చిక, మెడలో గంటలు కట్టిన ఆవులు.

బొయీలోని సాంట్ జువాన్ చర్చి ఈ లోయ గుళ్ళ మీద నాకున్న ఊహను మార్చేసింది. రాయి రాయి కనపడే గోడలను చూసి ముచ్చటపడతాం కదా, అప్పట్లో అలా ఉండేవి కావు. లోపలా బయటా సున్నం కొట్టి రంగులు వేసేవాళ్ళు. ఇక్కడ బాగుచేసినప్పుడు మళ్ళీ ఆ పూత వేశారు. గోడల మీద నకలు చిత్రాలు: స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపుతున్నవాళ్ళు, గారడీవాళ్ళు, ఎక్కడివో తెలియని జంతువులు. అసలైనవి ఇక్కడివి కూడా బార్సిలోనా చేరాయి. స్తెఫను మీద రాయి విసురుతున్నవాళ్ళు ముగ్గురూ నాట్యం చేస్తున్నట్టు ఒకే భంగిమలో వంగి ఉంటారు. చిత్రకారుడికి ఆ మనుషుల క్రూరత్వం కంటే ఆ వంపు మీదే ఎక్కువ మనసున్నట్టుంది.

అక్కడినుంచి నది దాటి ఎరిల్ ల వాల్‌కు. ఇక్కడి సాంటా యులాలియా గోపురం లోయలో అన్నిటికంటే నాజూకైనది. ఆరు అంతస్తులు నిటారుగా. గోపురాలన్నీ ఒకదానికొకటి కనపడేలా కట్టారని, కబురు అందించడానికి వాడేవారని ఇక్కడ చెబుతారు. దాని కింద నిలబడి బొయీ వైపు చూస్తే నమ్మబుద్ధవుతుంది.

ఎరిల్‌లో చూడాల్సింది చెక్క బొమ్మలు. ఏసును శిలువ మీంచి దించుతున్న దృశ్యం, ఏడుగురు మనుషులు. మధ్యలో చేతులు వేలాడుతున్న ఏసు. దించుతున్నవాళ్ళు అరిమతయియ యోసేపు, నికొదేము. అటూ ఇటూ ఇద్దరు దొంగలు. ఇంకా మరియమ్మ, యోహాను. ఒంటిమీద బట్ట మడతలు తప్ప అలంకారం లేదు. పన్నెండో శతాబ్దం పని. 1907లో ఆ పండితుల బృందమే వీటిని ఈ గుళ్ళో కనిపెట్టింది. ఆ తర్వాత ఐదు బొమ్మలు విక్ పట్టణంలోని బిషప్ మ్యూజియానికి వెళ్ళాయి. మరియమ్మ, యోహాను మాత్రం ప్లందియూరా అనే సంపన్నుడి సేకరణలో చేరి, అక్కడినుంచి బార్సిలోనా మ్యూజియానికి వచ్చారు. గుళ్ళో ఇప్పుడు ఏడుగురూ ఉన్నారు, నకళ్ళుగా. ఏడుగురినీ కలిపి చూడాలంటే నకలే గతి.

మధ్యాహ్నం కారు తీసుకుని దుర్రో వెళ్ళాం. ఊరి గుడి సంగతి అలా ఉంచండి. దాని పైన కొండ భుజం మీద సాంట్ క్విర్క్ అనే ఒంటరి చిన్న గుడి ఉంది, అదీ యునెస్కో తొమ్మిదిలో ఒకటి. అక్కడినుంచి లోయ మొత్తం కనపడుతుంది. జూన్‌లో ఇక్కడే ఫాల్యెస్ పండగ మొదలవుతుంది. పైన్ చెక్కతో చేసిన పెద్ద కాగడాలను కొండమీద వెలిగించి, భుజాన పెట్టుకుని చీకట్లో వరసగా ఊళ్ళోకి పరిగెత్తుతారు. ఒక్కో ఊరిది ఒక్కో రోజు, జూలైలో తవూల్‌ది. 2015లో దీన్ని కూడా యునెస్కో గుర్తించింది. గుడి దగ్గర కూర్చున్న ఒక పశువుల కాపరి తన కాగడా ఎంత బరువుంటుందో చేతులు చాచి చూపించాడు, మెడ వెనకాల పాత కాలిన మచ్చ చూపించాడు. మచ్చ చూపించేటప్పుడు ముఖంలో ఏమి గర్వం! బొమ్మలు పోయాయి కానీ ఈ పండగను ఒలిచి తీసుకుపోయే జిగురు ఎవరి దగ్గరా లేదు.

సోమవారం

వాన. బొయీ నుంచి టాక్సీ జీపుల్లో అయిగ్వెస్తోర్తెస్ నేషనల్ పార్కుకు వెళ్దామనుకున్నాం. పొగమంచులో ఏమీ కనపడదన్నారు. బర్రుయేరాలో కాఫీ తాగి వెనక్కి తిరిగాం. మ్యూజియానికి సోమవారం సెలవు, కాబట్టి ఇంట్లో పప్పన్నం, నిద్ర.

మంగళవారం

కాటలోనియా జాతీయ కళా మ్యూజియం మోంజుయిక్ కొండ మీద, 1929 ఎగ్జిబిషన్ కోసం కట్టిన పెద్ద భవనంలో ఉంది. రోమనెస్క్ విభాగంలో గర్భగుడులను గర్భగుడుల్లాగే నిలబెట్టారు. గుండ్రటి చెక్క చట్రాలు కట్టి, వాటి లోపలివైపు చిత్రాలను అతికించారు. వెనక్కి వెళ్తే పలకలు, బద్దలు అన్నీ కనపడతాయి, నాటకం సెట్టు వెనక నిలబడ్డట్టు. దాచకపోవడం బాగుంది.

తవూల్ ఏసు ముందు చాలాసేపు కూర్చున్నాం. కొండ మీద వెలుతురులో కనపడనిది ఇక్కడ కనపడింది, నీలం. పిరెనీస్ పర్వతాల్లో దొరికే ఏరినైట్ అనే ఖనిజం నుంచి తీసిన రంగది. ఎక్కడో దూరదేశం నుంచి తెప్పించింది కాదు, ఆ కొండలదే. పక్క కమాను మీద లాజరు కూడా ఉన్నాడు. ధనవంతుడి గుమ్మం ముందు కూలబడిన బిచ్చగాడు, వాడి పుళ్ళను నాకుతున్న కుక్క. ఏసు ముఖమంతా జ్యామితి. ఈ కుక్క మాత్రం వీధికుక్కే, మెడ సాచిన తీరుతో సహా. చిత్రకారుడి పేరెవరికీ తెలియదు. ఈ కుక్కను బట్టి అతను తినే తిండి, తిరిగే వీధి కొంత తెలుస్తున్నాయి.

దుర్రో పైనున్న సాంట్ క్విర్క్ గుడి బలిపీఠం పలక కూడా ఇక్కడే ఉంది. పసివాడు క్విర్క్, వాడి తల్లి జులీతా పడ్డ చిత్రహింసలు నాలుగు గళ్ళలో. ఒక గడిలో ఇద్దరు మనుషులు రంపం పట్టుకుని నిలబడ్డ మనిషిని నిలువునా కోస్తున్నారు. కోయించుకునేవాళ్ళ ముఖంలో నొప్పి లేదు. కోసేవాళ్ళ ముఖంలో మాత్రం పని చేస్తున్న శ్రద్ధ ఉంది.

చివరికి ఎరిల్ మరియమ్మ, యోహాను. గాజు వెనక ఇద్దరే. మరియమ్మ ముందుకు చాచిన చేతుల మధ్య ఏమీ లేదు. ఆ చేతులు పట్టుకోవలసిన చెయ్యి విక్‌లో ఉంది. గోడ చిత్రాల సంగతి నేను ఒప్పుకున్నాను. ఒలిచినవాటిని మళ్ళీ గోడకు అంటించలేరు, అంటించినా చెమ్మకు పాడవుతాయి. కానీ ఇవి చెక్క బొమ్మలు. రెండు మ్యూజియాల మధ్య ఉన్న దూరం డెబ్భై కిలోమీటర్లు. ఏ గోడా కూలదు, ఏ రంగూ రాలదు. ఒక సేకరణకర్త అప్పట్లో రెండు కొన్నాడు కాబట్టి వందేళ్ళుగా తల్లి ఒకచోట, కొడుకు ఒకచోట. దీనికి నాకు కారణం కనపడలేదు. ఈ ఇద్దరినీ విక్ పంపించినా సరే, ఆ ఐదుగురినీ ఇక్కడికి తెప్పించినా సరే. ఇంకా మంచిది, ఏడుగురినీ ఏడాదికొక నెల ఎరిల్ గుళ్ళో పెట్టడం.

ఇదంతా పైకే అనేశానేమో, గార్డు తిరిగి చూశాడు.

"విక్‌కి రైల్లో గంటన్నర లోపే మావయ్యా" అన్నాడు మా వాడు, ఫోన్లో టైములు చూస్తూ. "గురువారం నాకు సెలవే. మిగతా ఐదుగురినీ కూడా చూసేస్తారా?"

"టికెట్లు తియ్యరా" అన్నాను.